అయాన్లను మోసే సిరామిక్ పొరతో గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేయడం: పొడి దగ్గర నుంచి కొలత దాకా

గాలిలో ఆక్సిజన్ 20.95 శాతం. మిగతాదాంట్లో దాదాపు అంతా నత్రజనే. ఈ రెండింటినీ విడదీయడానికి పరిశ్రమలు వందేళ్లకు పైగా చలినే నమ్ముకున్నాయి. గాలిని ద్రవంగా మారుస్తారు. ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, నత్రజని మైనస్ 196 దగ్గర మరుగుతాయి కాబట్టి స్వేదనంతో వాటిని వేరుచేస్తారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి దానికి సరిగ్గా ఎదురు. 800 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండే ఒక గట్టి సిరామిక్ బిళ్ల ఆ పని చేస్తుంది. ఆ బిళ్లకు రంధ్రాలు ఉండవు, ఉండకూడదు. అయినా ఆక్సిజన్ ఒక్కటే దాన్ని దాటి అవతలికి వస్తుంది.

ల్యాబ్‌లో తొలిసారి ఇలాంటి పొర తయారుచేసి, సీలు వేసి, ఎంత ఆక్సిజన్ దాటుతోందో కొలవబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏ పదార్థం మంచిదనే ప్రశ్న మీదే నెలలు గడిపేస్తారు. నా అనుభవంలో పని ఆగిపోయేది పదార్థం దగ్గర కాదు, సీలు దగ్గర. అందుకే సీలు గురించీ లీకు లెక్క గురించీ మిగతావాటికంటే ఎక్కువ చెబుతాను.

లోపల ఏం జరుగుతుంది

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణంలో మూడు రకాల స్థానాలుంటాయి. ఒకదానిలో లాంతనం, బేరియం లాంటి పెద్ద లోహ అయాన్, ఇంకోదానిలో కోబాల్ట్, ఇనుము లాంటి చిన్న లోహ అయాన్, మిగిలినవాటిలో ఆక్సిజన్ అయాన్లు కూర్చుంటాయి. మూడు ధనావేశాల లాంతనం స్థానంలో కొంతమేర రెండు ధనావేశాల స్ట్రాన్షియాన్ని పెడితే ఆవేశం తక్కువ పడుతుంది. ఆ లోటు కొంత చిన్న లోహం ఎలక్ట్రాన్‌ను వదులుకోవడంతోనూ, కొంత ఆక్సిజన్ స్థానాలు ఖాళీ కావడంతోనూ పూడుతుంది. మొదటిదాని వల్ల పదార్థం ఎలక్ట్రాన్లను మోస్తుంది. రెండోదాని వల్ల ఆక్సిజన్ అయాన్లకు దారి దొరుకుతుంది. బాగా వేడెక్కాక పక్కనున్న అయాన్ ఖాళీలోకి దూకుతుంది, అది వదిలిన చోటులోకి ఇంకోటి వస్తుంది.

గాలి వైపు ముఖం మీద ఆక్సిజన్ అణువు విడిపోయి, నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని, రెండు అయాన్లుగా పొరలోకి వెళుతుంది. అవతలి ముఖం మీద ఆ అయాన్లు ఎలక్ట్రాన్లను వదిలేసి మళ్లీ జత కడతాయి. వదిలిన ఎలక్ట్రాన్లు అదే పొర గుండా వెనక్కి నడుస్తాయి, కాబట్టి బయట తీగ అక్కర్లేదు. నడిపించే బలం ఆక్సిజన్ పాక్షిక పీడనంలో తేడా ఒక్కటే. నత్రజనికి ఈ స్ఫటికంలో కూర్చునే చోటు లేదు. కనుక అవతల ఒక్క చుక్క నత్రజని కనిపించినా అది పొర గుండా వచ్చినది కాదు, పగులు గుండానో సీలు పక్కనుంచో వచ్చినదే. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. తర్వాత కొలతంతా దీని మీదే నిలబడుతుంది.

ఏ పొర ఎంచుకోవాలి

అయాన్లూ ఎలక్ట్రాన్లూ రెండింటినీ మోసే పొరల గురించి తెరావొకా బృందం 1985లో చూపించింది. లాంతనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము ఉన్న ఆ కుటుంబాన్ని ఎల్‌ఎస్‌సీఎఫ్ అంటారు. లాంతనం స్థానంలో బేరియం పెట్టిన బీఎస్‌సీఎఫ్ తర్వాత వచ్చింది. ఆక్సిజన్ ప్రవాహంలో ఎల్‌ఎస్‌సీఎఫ్‌ను బాగా మించుతుంది. అయితే దానికి రెండు బలహీనతలున్నాయి. కార్బన్ డయాక్సైడ్ తగిలితే బేరియం, స్ట్రాన్షియం కార్బనేట్లుగా మారి ముఖం మూసుకుపోతుంది. 850 డిగ్రీలకు దిగువన ఎక్కువ కాలం ఉంచితే స్ఫటికం మెల్లగా షడ్భుజి రూపానికి మారుతుంది, ప్రవాహం పడిపోతుంది.

మొదటిసారి చేసేవారికి నా సలహా ఎల్‌ఎస్‌సీఎఫ్. లాంతనం 0.6, స్ట్రాన్షియం 0.4, కోబాల్ట్ 0.2, ఇనుము 0.8 పాళ్లు పెట్టుకోండి. ప్రవాహం తక్కువే వస్తుంది, కానీ పొర నిలుస్తుంది, పద్ధతి చేతికి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాయువులతో పని చేయాల్సి వస్తే గాడోలినియం కలిపిన సీరియాను (సీరియం ఆక్సైడ్) అయాన్ల కోసం, ఇంకో ఆక్సైడ్‌ను ఎలక్ట్రాన్ల కోసం కలిపి చేసే రెండు పదార్థాల పొరలు చూడండి.

చేతులు పెట్టకముందు ఒక లెక్క

పొర మందం, ఉష్ణోగ్రత, రెండు వైపుల పీడనాలు తెలిస్తే ఎంత ఆక్సిజన్ రావచ్చో వాగ్నర్ సమీకరణం చెబుతుంది. ఎలక్ట్రాన్ వాహకత అయాన్ వాహకతకంటే చాలా ఎక్కువ ఉన్న ఎల్‌ఎస్‌సీఎఫ్ లాంటి వాటికి అది సులువవుతుంది. వాయు స్థిరాంకాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించండి. దాన్ని 16 రెట్ల ఫారడే స్థిరాంక వర్గంతో భాగించండి. వచ్చినదాన్ని అయాన్ వాహకతతో, పీడనాల నిష్పత్తి సహజ లాగరిథంతో గుణించి, మందంతో భాగించండి. ఈ 16 ఎక్కడిదంటే, ఒక ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు, దాని వర్గం పదహారు.

ఉదాహరణకు 900 డిగ్రీలు, అంటే 1173 కెల్విన్. మందం 1 మి.మీ. అయాన్ వాహకత సెంటీమీటరుకు 0.1 సీమెన్స్ అనుకుందాం. గాలి వైపు ఆక్సిజన్ 0.21 బార్, అవతల 0.01 బార్. నిష్పత్తి 21, దాని లాగరిథం 3.04. లెక్క కడితే చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు 0.27 మిల్లీలీటర్లు. నిమిషానికి ఒక లీటరు కావాలంటే దాదాపు 3,700 చదరపు సెంటీమీటర్ల పొర పట్టాలి. మందం తగ్గించాలని అందరూ ఎందుకు తాపత్రయపడతారో ఇక్కడే అర్థమవుతుంది.

ఇంకో విషయం. అవతలి వైపు శుద్ధ ఆక్సిజన్ 1 బార్ దగ్గర కావాలంటే మామూలు గాలితో కుదరదు, ఎందుకంటే 0.21 నుంచి 1కి అది తనంతట తాను ఎక్కదు. గాలిని 10 బార్లకు నొక్కితే ఆక్సిజన్ 2.1 బార్ అవుతుంది, అప్పుడు ఎక్కుతుంది. లేదంటే అవతల వాక్యూమ్ పెట్టాలి. ల్యాబ్‌లో మాత్రం అవతలికి వచ్చిన ఆక్సిజన్‌ను హీలియం లాంటి వాయువుతో (దీన్నే స్వీప్ వాయువు అంటారు) ఊడ్చేయడం తేలిక.

మొదటి దశ: పొడి

లోహ నైట్రేట్లను నీటిలో కరిగించి, ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టి ఉంచే రసాయనం), సిట్రిక్ ఆమ్లం కలిపే పద్ధతిలో నాలుగు లోహాలూ పరమాణు స్థాయిలో కలుస్తాయి. లోహం మొత్తం ఒక మోల్ అనుకుంటే ఈడీటీఏ ఒక మోల్, సిట్రిక్ ఆమ్లం ఒకటిన్నర మోల్. అమోనియాతో పీహెచ్ 6 నుంచి 8 మధ్యకు తెచ్చి, 90 డిగ్రీల దగ్గర కలుపుతూ నీరు ఇగరనివ్వండి. ముందు పాకంలా, తర్వాత జెల్‌లా గట్టిపడుతుంది.

నైట్రేట్లు గాలిలో తేమ పీల్చుకుంటాయి. సీసా మీద రాసిన నీటి అణువుల సంఖ్యను నమ్మి తూచితే పాళ్లు తప్పుతాయి. ప్రతి నైట్రేట్‌నూ కొద్దిగా తూచి, ఆక్సైడ్‌గా మారేదాకా కాల్చి, మళ్లీ తూచి అసలు లోహం ఎంతుందో తెలుసుకోండి. ఒక రోజు పని అది, కానీ తర్వాత వారాలు మిగులుతాయి.

జెల్‌ను ఓవెన్‌లో 200 నుంచి 250 డిగ్రీల దగ్గర ఆరబెట్టేటప్పుడు అది ఒక్కసారిగా అంటుకోవచ్చు. నైట్రేటూ కర్బన పదార్థమూ కలిసి ఉన్నాయి కదా. పెద్ద పాత్రలో తక్కువ పరిమాణం పెట్టి, ఫ్యూమ్ హుడ్ లోపల, ముఖం దూరంగా ఉంచి చేయండి. కోబాల్ట్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, నికెల్, కరిగే బేరియం లవణాలు కూడా విషమే. మాస్కు, గ్లవ్స్ లేకుండా పొడి ముట్టకండి.

ఆరినదాన్ని నూరి, 900 నుంచి 950 డిగ్రీల దగ్గర ఐదు గంటలు కాల్చండి. తర్వాత ఎక్స్-రే డిఫ్రాక్షన్ తీయండి. పెరోవ్‌స్కైట్ గీతలు తప్ప ఇంకేవీ ఉండకూడదు. అదనపు గీతలు కనిపిస్తే నూరి మళ్లీ కాల్చండి. ముందుకు వెళ్లకండి.

రెండో దశ: బిళ్ల

పొడిలో బైండర్‌గా, అంటే రేణువులను అంటిపెట్టే జిగురుగా, ఒకటి రెండు శాతం పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణం కలిపి, జల్లెడ పట్టి, ఉక్కు అచ్చులో 100 నుంచి 200 మెగాపాస్కల్ ఒత్తిడితో నొక్కండి. సింటరింగ్‌లో, అంటే బాగా కాల్చి పొడి రేణువులను ఒకటిగా గట్టిపరచడంలో, బిళ్ల వ్యాసం 15 నుంచి 20 శాతం కుంచించుకుపోతుంది. 16 మి.మీ. కావాలంటే 20 మి.మీ. అచ్చు సరిపోతుంది. ఒత్తిడిని ఒక్కసారిగా వదిలేస్తే బిళ్ల అడ్డంగా పలకలుగా చీలుతుంది, కాబట్టి మెల్లగా వదలండి.

బిళ్లను అల్యూమినా పలక మీద నేరుగా పెట్టకూడదు, అంటుకుని రసాయనికంగా కలుస్తుంది. కింద అదే పొడి పరచండి. 500 డిగ్రీలదాకా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వెళితే బైండర్ మెల్లగా కాలిపోతుంది. అక్కడి నుంచి రెండు డిగ్రీల చొప్పున 1200కు చేర్చి ఐదు గంటలు ఉంచండి. దిగడం కూడా అంతే నెమ్మదిగా ఉండాలి. పైకి వెళ్లేటప్పుడు చూపిన ఓపిక కిందికి దిగేటప్పుడు చాలామంది చూపరు. చల్లారేకొద్దీ బిళ్ల గాలి నుంచి ఆక్సిజన్‌ను తిరిగి పీల్చుకుంటుంది, స్ఫటికం కుంచించుకుంటుంది. అంచు ముందు, మధ్య తర్వాత కుంచించుకుంటే మధ్యలో వెంట్రుకలాంటి పగులు పుడుతుంది. కంటికి కనిపించదు, కానీ నత్రజనికి అది రాజమార్గం.

ఆర్కిమిడిస్ పద్ధతిలో సాంద్రత కొలవండి. సిద్ధాంత విలువలో 95 శాతం దాటితే మిగిలిన రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవవు, వాయువు దాటదు. తర్వాత సిలికాన్ కార్బైడ్ కాగితంతో రెండు ముఖాలూ అరగదీసి 1 మి.మీ.కు తెచ్చి, ఇథనాల్‌లో అల్ట్రాసోనిక్‌తో కడగండి. సీలు వేసేముందు గది ఉష్ణోగ్రతలోనే ఒక పక్క హీలియం పెట్టి అవతల వస్తుందేమో చూడండి. ఇక్కడ ఓడిపోయిన బిళ్ల ఫర్నేస్‌లో గెలవదు.

మూడో దశ: సీలు

బిళ్లను అల్యూమినా గొట్టం కొన మీద కూర్చోబెట్టాలి. చిక్కంతా వ్యాకోచంలో ఉంది. అల్యూమినా ప్రతి డిగ్రీకీ మిలియన్‌కు 8 వంతులు పెరుగుతుంది, ఎల్‌ఎస్‌సీఎఫ్ సుమారు 16 వంతులు. 16 మి.మీ. బిళ్లకు 880 డిగ్రీల తేడాలో ఇద్దరి మధ్య ఎడం 0.11 మి.మీ. వరకు వస్తుంది. చూడ్డానికి చిన్నదే, కానీ గట్టిగా అతికిన సిరామిక్ దాన్ని భరించలేదు. గొట్టం క్వార్ట్జ్ అయితే పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే క్వార్ట్జ్ దాదాపు పెరగనే పెరగదు.

ఆ తేడాను మింగగల మెత్తని పదార్థం కావాలి. వెండి ఉంగరం మంచి ఎంపిక. వెండి 961.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బిళ్లకూ గొట్టానికీ మధ్య ఉంగరం పెట్టి, పైనుంచి స్ప్రింగ్‌తో స్థిరమైన బరువు వేసి, 950 దాకా మెల్లగా తీసుకెళ్లి రెండు మూడు గంటలు ఉంచండి. వెండి మెత్తబడి రెండు ముఖాల గరుకులోకి ఒదుగుతుంది. తర్వాత 900కు దించి కొలతలు మొదలుపెట్టండి. ఫర్నేస్ థర్మోకపుల్ చూపించే విలువకూ సీలు దగ్గర అసలు విలువకూ పది పదిహేను డిగ్రీల తేడా ఉండటం మామూలే. ముందే ఇంకో థర్మోకపుల్‌ను సీలు పక్కన పెట్టి ఆ తేడా రాసుకోండి. నేను అలా చేయకుండా ఒకసారి వెండిని పూర్తిగా కరగబెట్టాను. మర్నాడు తీసి చూస్తే అది గొట్టం లోపలికి కారిపోయి ఉంది, మూడు వారాల బిళ్ల పోయింది.

ఇంకా వేడి కావాలంటే 1064 డిగ్రీల దగ్గర కరిగే బంగారు ఉంగరం వాడొచ్చు. గాజు సీలు చవక, చక్కగా పట్టేస్తుంది కూడా. కానీ వేడిలో పొరతో రసాయనికంగా కలిసిపోయే ప్రమాదం ఉంది, ఒక్కసారి చల్లారిస్తే పగిలే అవకాశమూ ఎక్కువ. ఏ సీలు వేసినా బిళ్ల పక్క అంచులను కూడా మూయండి. లేకపోతే అంచు గుండా కూడా ఆక్సిజన్ దూరుతుంది, వైశాల్యం లెక్క తప్పుతుంది.

నాలుగో దశ: వాయువులు, కొలత

ఒక వైపు గాలి నిమిషానికి 100 మి.లీ., ఇంకో వైపు హీలియం 30 మి.లీ. హీలియం బదులు ఆర్గాన్ చవక కదా అనిపిస్తుంది. కానీ మామూలు మాలిక్యులర్ సీవ్ కాలమ్ మీద గది ఉష్ణోగ్రత దగ్గర ఆర్గాన్, ఆక్సిజన్ ఒకేసారి బయటికి వస్తాయి, క్రొమటోగ్రాఫ్‌లో (వాయువులను కాలమ్ గుండా పంపి విడదీసి కొలిచే పరికరం) వాటిని విడదీయలేరు. క్రొమటోగ్రాఫ్ క్యారియర్, స్వీప్ రెండూ హీలియమే అయితే ఆక్సిజన్, నత్రజని పీక్‌లు శుభ్రంగా కనిపిస్తాయి.

సీలు పట్టాక వెంటనే అంకెలు రాసుకోకండి. పొర లోపల ఖాళీలు కొత్త పీడనాలకు సర్దుకోవడానికి సమయం పడుతుంది. ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర గంట రెండు గంటలు ఆగి, వరసగా మూడు కొలతలు ఒకేలా వచ్చాకే రాయండి. ఫ్లో మీటరు బయటికి వచ్చే వాయువు మీద ఉండాలి. లోపలికి వెళ్లేది కొలిస్తే సీలు గుండా పోయేది కనపడదు.

ఐదో దశ: లీకు తీసేయడం

గాలే నేరుగా లీకైతే నత్రజనితో పాటు ఆక్సిజన్ కూడా వస్తుంది. ఆ ఆక్సిజన్ నత్రజనిలో 0.268 వంతు, అంటే 20.95ను 78.1తో భాగించినది. దాన్ని మొత్తం ఆక్సిజన్ నుంచి తీసేయాలి.

ఉదాహరణ. బయటికి వచ్చే వాయువు నిమిషానికి 30 మి.లీ. అందులో ఆక్సిజన్ 0.64 శాతం, నత్రజని 0.05 శాతం. లీకైన ఆక్సిజన్ 0.0134 శాతం. మిగిలింది 0.6266 శాతం, అంటే 0.188 మి.లీ. బిళ్లలో వాయువుకు తెరిచి ఉన్న భాగం వ్యాసం 10 మి.మీ. అయితే వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. ప్రవాహం చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 0.24 మి.లీ. ముందు లెక్క కట్టిన 0.27కు దగ్గరలోనే ఉంది.

పగులు మరీ సన్నగా ఉండి, అణువులు ఒకదానితో ఒకటి కాక గోడలతోనే ఢీకొంటుంటే తేలికైన నత్రజని కొంచెం త్వరగా జారుతుంది. అప్పుడు 0.268 బదులు 0.251 వాడాలి. ఈ తేడాతో ఫలితం పెద్దగా మారదు. లీకు వాటా మొత్తం ఆక్సిజన్‌లో రెండు మూడు శాతమైతే నమ్మొచ్చు. పదికి చేరితే సవరణ చేసి సరిపెట్టుకోకండి, సీలు మళ్లీ వేయండి.

లీకును పట్టించే ఇంకో పరీక్ష ఉష్ణోగ్రత. అసలైన ప్రవాహం వేడితో పాటు బాగా పెరుగుతుంది. పెద్ద రంధ్రం గుండా కారే గాలి వేడెక్కేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే వాయువు స్నిగ్ధత పెరుగుతుంది. 800 నుంచి 900కు వెళ్లినా మీ ఆక్సిజన్ అంకె కదలకపోతే మీరు కొలుస్తున్నది లీకునే.

ఫలితాన్ని చదవడం

అదే పదార్థంతో 1 మి.మీ., 0.5 మి.మీ. బిళ్లలు రెండూ కొలవండి. సగం మందానికి ప్రవాహం రెట్టింపైతే అడ్డంకి పొర లోపలి ప్రయాణంలో ఉంది. అంతగా పెరగకపోతే అడ్డంకి ముఖాల మీద, అంటే అణువు విడిపోవడం, మళ్లీ జతకట్టడం దగ్గర ఉంది. అప్పుడు ఇంకా పలచన చేసినా లాభం లేదు. ముఖం మీద అదే పదార్థంతో రంధ్రాలున్న పలచని పూత వేస్తే చర్య జరిగే వైశాల్యం పెరుగుతుంది. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే పలచని పొర వైపు పరుగెడతారు, అది వృథా శ్రమ.

విద్యుత్తుతో నెట్టడం

ఎలక్ట్రాన్లను మోయని, అయాన్లను మాత్రమే మోసే పొర తీసుకుని రెండు ముఖాలకూ ఎలక్ట్రోడ్లు పూస్తే వోల్టేజితోనే ఆక్సిజన్‌ను పంపు చేయొచ్చు. 8 మోల్ శాతం ఇట్రియా కలిపిన జిర్కోనియా దీనికి పాత నేస్తం. ఇక్కడి లాభం ఏమిటంటే ప్రవాహం ఎంతో ఆమీటరే చెబుతుంది, ఒక ఆంపియర్‌కు నిమిషానికి 3.48 మి.లీ. ఆక్సిజన్. క్రొమటోగ్రాఫ్ అంతకంటే తక్కువ చూపిస్తే ఎక్కడో కరెంటు వృథా అవుతోంది లేదా వాయువు బయటికి పోతోంది.

800 డిగ్రీల దగ్గర గాలి నుంచి 1 బార్ శుద్ధ ఆక్సిజన్‌కు థర్మోడైనమిక్స్ అడిగేది 36 మిల్లీవోల్టులే. మిగతాదంతా నిరోధానికి పోతుంది. ఒక్కో సెల్‌కు 0.5 వోల్టులు పెడితే కిలో ఆక్సిజన్‌కు సుమారు 1.7 యూనిట్ల కరెంటు. పెద్ద శీతల స్వేదన ప్లాంటుకు అందులో చాలా చిన్న వంతే చాలు. కనుక ఇది టన్నుల కొద్దీ ఆక్సిజన్ కోసం కాదు, చిన్న మోతాదులో శుభ్రమైనది కావాల్సిన చోటుకు. అంగారకుడి మీద పర్సివరెన్స్ రోవర్‌లోని మాక్సీ పరికరం ఇలాంటి ఘన ఆక్సైడ్ సెల్‌తోనే 800 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి, 2021 నుంచి 2023 మధ్య 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చింది.

ఒక జాగ్రత్త. ఆక్సిజన్ అందకుండా వోల్టేజి పెంచుకుంటూ పోతే జిర్కోనియా తన సొంత ఆక్సిజన్‌నే కోల్పోయి నల్లబడుతుంది.

హైడ్రోజన్ కావాలంటే

ఇవాహారా బృందం 1981లో చూపించిన ప్రోటాన్ వాహక సిరామిక్‌లు ఇక్కడ పనికొస్తాయి. ఇట్రియం కలిపిన బేరియం సీరేట్, బేరియం జిర్కొనేట్ ముఖ్యమైనవి. నీటి ఆవిరి ఆక్సిజన్ ఖాళీల్లోకి దూరి ప్రోటాన్లను వదులుతుంది కాబట్టి వాయువు తడిగా ఉండాలి. 25 డిగ్రీల నీటి బబ్లర్ సుమారు 3 శాతం ఆవిరి ఇస్తుంది. 400 నుంచి 700 డిగ్రీలు చాలు. సీరేట్ బాగా మోస్తుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ తగిలితే బేరియం కార్బనేట్‌గా, సీరియాగా విడిపోతుంది. జిర్కొనేట్ నిలబడుతుంది, కానీ సింటర్ కావడానికి మొండికేస్తుంది. ఒకటి రెండు శాతం నికెల్ ఆక్సైడ్ కలిపితే దారికి వస్తుంది. ఇవి ఎలక్ట్రాన్లను సరిగా మోయవు. తీగ లేకుండా నడవాలంటే నికెల్ లోహాన్ని కలిపి పొర చేయాలి, లేదంటే పైన చెప్పినట్టు వోల్టేజి పెట్టాలి.

ఒక వైపు హైడ్రోజన్, ఇంకో వైపు గాలి ఉన్న చోట వెండి సీలు వాడకండి. రెండూ వెండిలోకి కరిగి, లోపలే కలిసి నీరై, లోహాన్ని రంధ్రాలమయం చేస్తాయి. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ అంటుకుంటుంది. కాబట్టి వేడి చేసేముందూ చల్లార్చేముందూ గొట్టాలన్నీ జడవాయువుతో ఊడ్చండి. ఆక్సిజన్ వైపు ఫిట్టింగుల్లో నూనె, గ్రీజు అసలుండకూడదు.

ఎక్కువ రోజులు నడిపేటప్పుడు

వంద గంటలు దాటాక రోజూ చూడాల్సింది ఆక్సిజన్ అంకెకంటే నత్రజని అంకె. ఆక్సిజన్ మెల్లగా తగ్గుతూ నత్రజని కదలకపోతే ముఖం పాడవుతోందని అర్థం. వేడి స్టీలు గొట్టాల నుంచి వచ్చే క్రోమియం ఆవిరి, గంధకం, కార్బన్ డయాక్సైడ్ సాధారణ కారణాలు. ఆక్సిజన్, నత్రజని రెండూ కలిసి పెరుగుతుంటే సీలో బిళ్లో తెరుచుకుంటోంది. వెంటనే ఆపకండి, ఉష్ణోగ్రత మార్చి లీకు పరీక్ష చేసి ఆ అంకెలు రాసుకున్నాకే నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించండి.

చల్లారిన బిళ్లను పారేయకండి. గొట్టం నుంచి తీసి రెండుగా విరిచి, ఆ విరుపును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గాలి వైపు నుంచి స్వీప్ వైపు దాకా చూడండి. ఆక్సిజన్ ఒక దిక్కుకు నడుస్తుంటే లోహ అయాన్లు కూడా మెల్లగా గాలి వైపుకు జరుగుతాయి. అన్నీ ఒకే వేగంతో జరగవు, అందుకే రెండు ముఖాల దగ్గర పాళ్లు వేరవుతాయి. అంచున ఉన్న వెండి జాడ ఎంత లోతుకు వెళ్లిందో కూడా అక్కడే కొలవండి. తర్వాతి బిళ్లకు సీలు ఎంత వెడల్పు పెట్టాలో ఆ కొలతే చెబుతుంది.